ఫ్రెంచివాళ్ల కింద వియత్నాం మాండరిన్: చేతిలో మిగిలింది సంతకం ఒక్కటే

ఫ్రెంచి పాలనలో, వియత్నాం రాజుల రాజధాని హుయేలోని రాజదర్బారులో మాండరిన్ ఉద్యోగం ఎలా ఉండేది, పైకి ఎలా వెళ్లేవారు, నిజంగా అధికారం ఉండేదా లేక తోలుబొమ్మలాటేనా అని అడిగారు. వీళ్లని ద్రోహులనాలా అన్నది మీ చివరి ప్రశ్న. ఈ కాలాన్ని చాలా ఏళ్లుగా చదువుతూ, పాఠాలు చెబుతూ వచ్చినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపిక చేసుకుని చదవండి.

ముందు మాట సంగతి చూద్దాం. 'మాండరిన్' చైనా మాటా కాదు, వియత్నాం మాటా కాదు. అది మన 'మంత్రి'. సంస్కృతం నుంచి మలయ్ భాషలోకి 'మెంతెరి'గా వెళ్లింది. మలక్కాలో దిగిన పోర్చుగీసు వర్తకులు దాన్ని పట్టుకుని, వాళ్ల నోటికి తగ్గట్టు తిప్పుకుని, తూర్పు దేశాల్లో కనిపించిన ప్రతి పెద్ద ఉద్యోగికీ తగిలించారు. వియత్నామీయులు మాత్రం 'క్వాన్' అంటారు. తాలూకా స్థాయి అధికారి నుంచి రాజు పక్కన కూర్చునే మంత్రి దాకా అందరూ క్వాన్‌లే. కాబట్టి మాండరిన్ అనగానే మంత్రిని ఒక్కణ్నే ఊహించుకోవద్దు. మన లెక్కలో తహసీల్దారు, కలెక్టరు, చీఫ్ సెక్రటరీ అందరూ ఒకే నిచ్చెన మీద ఉన్నారనుకోండి.

ఆ నిచ్చెనకి తొమ్మిది మెట్లు, ఒక్కో మెట్టులో పై అర, కింద అర, మొత్తం పద్దెనిమిది అంతస్తులు. హుయేలో థాయ్ హోవా సభాభవనం ముందు రాళ్లు పరిచిన పెద్ద ముంగిలి ఉంది. అందులో రెండు వరసల్లో మోకాలెత్తు రాతి పలకలు నాటి ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక్కో అంతస్తు పేరు చెక్కి ఉంటుంది. రాజుకి ఎడమవైపు సివిల్ ఉద్యోగులు, కుడివైపు సైనికులు. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున మహాదర్బారు. ఎవరి రాయి దగ్గర వాళ్లు నిలబడి సాష్టాంగపడాలి. మొదటి మూడు మెట్లవాళ్లది పై ముంగిలి, తక్కినవాళ్లది కింది ముంగిలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆరో మెట్టు రాయి దగ్గర నిలబడి సింహాసనం ఎక్కడుందా అని చూశాను. స్తంభాల వెనక చీకటి తప్ప ఏమీ కనపడలేదు. తాలూకా అధికారి ఉద్యోగం మొదలయ్యేది ఆ ఆరో మెట్టు దగ్గర, అందులోనూ కింది అరలో. రెండో మెట్టు పై అరకి చేరితే మంత్రి, లేదా పెద్ద ప్రావిన్సు గవర్నరు. చాలామంది జీవితం ఆ రెండు రాళ్ల మధ్య దూరాన్ని నడవడానికే సరిపోయేది.

నడక మొదలయ్యేది పరీక్షతో. మూడేళ్లకోసారి ప్రాంతీయ పరీక్షలు. కుర్రాళ్లు, నడివయసువాళ్లు, తల నెరిసినవాళ్లు కూడా భుజాన చిన్న గుడారం, వెదురు మంచం మోసుకుని పరీక్ష మైదానానికి వెళ్లేవారు. అక్కడే గుడారం వేసుకుని, చైనా లిపిలో వ్యాసాలు, పద్యాలు రాయాలి. రాజవంశీకుల పేర్లలోని అక్షరాలు పొరపాటున వాడితే అంతే సంగతులు, ఎంత బాగా రాసినా అవతల పారేసేవారు. అక్కడ గట్టెక్కినవాళ్లకి రాజధానిలో పరీక్ష, దాని పైన రాజప్రాసాదంలో పరీక్ష. చివరిదాకా నెగ్గినవాళ్ల పేర్లు హుయే సాహిత్య దేవాలయంలో శిలాఫలకాల మీద చెక్కేవారు. 1822 నుంచి 1919 దాకా దాదాపు వందేళ్లలో 32 ఫలకాలు, 293 పేర్లు. అంతే. ఊళ్లో ఒకడికి ఆ డిగ్రీ వస్తే ఊరు ఊరంతా ఎదురెళ్లి ఊరేగించి తెచ్చుకునేదంటే ఆశ్చర్యం లేదు.

ఆ తర్వాత కూడా పోస్టింగు వెంటనే వచ్చేది కాదు. మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా, లేదా 'ఖాళీ కోసం ఎదురుచూసే అభ్యర్థి'గా కొన్నేళ్లు గడిచిపోయేవి. సొంత ఊరి ప్రాంతంలో పోస్టింగు ఇవ్వకూడదని మిన్ మాంగ్ చక్రవర్తి కాలం నుంచీ నియమం ఉంది. జీతం బొటాబొటీ. అందుకే కింది స్థాయి అధికారులకి ఒక అలవెన్సు ఇచ్చేవారు. దాని పేరు 'దుయాంగ్ లియెమ్', అంటే నిజాయితీని పోషించే సొమ్ము! మన దగ్గర డీఏ, హెచ్ఆర్ఏ ఉన్నాయి గానీ ఈ పేరుతో ఒకటి పెట్టాలని మన పే కమిషన్లలో ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇదీ పాత వ్యవస్థ. దీన్ని ఫ్రెంచివాళ్లు కూలగొట్టలేదు. మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. దక్షిణాన కొచ్చిన్‌చైనాని నేరుగా తమ వలస చేసుకున్నారు. ఉత్తరాన టాంకిన్, మధ్యన అన్నామ్ మాత్రం 'రక్షిత రాజ్యం' అన్నారు. 1884 జూన్‌లో కుదిరిన ఒప్పందం అది. దాని సంతకాల సమయంలో, అంతకు ముందు చైనా చక్రవర్తి ఇచ్చిన రాజముద్రని అందరి ఎదుటా కరిగించారు. రాజు ఉంటాడు, కొలువు ఉంటుంది, ఆరు మంత్రిత్వ శాఖలూ ఉంటాయి, రాళ్ల దగ్గర సాష్టాంగాలూ ఉంటాయి. పక్కన రెసిడెంట్ సుపీరియర్ అని ఒక ఫ్రెంచి దొర ఉంటాడు. హైదరాబాదువాళ్లకి కోఠీ రెసిడెన్సీ చూస్తే ఈ ఏర్పాటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ 1884లో పడలేదు. 1897లో పాల్ దూమేర్ అనే గవర్నర్ జనరల్ వచ్చాక పడింది. ఆ సెప్టెంబరు నుంచి 'కో మత్' అనే రహస్య మంత్రాంగ సభకి అధ్యక్షుడు రాజూ కాదు, పెద్ద మంత్రీ కాదు, రెసిడెంట్ సుపీరియరే. ఆ మరుసటేడు అన్నామ్‌లో పన్నుల వసూలు కూడా ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. రాజుగారి ఖర్చులు, మాండరిన్ల జీతాలు ఫ్రెంచి బడ్జెట్ నుంచి వచ్చే పద్దులైపోయాయి. జీతం ఎవరిస్తే మాట వాళ్లదే కదా. టాంకిన్‌లో రాజు తరఫున ఉండే రాజప్రతినిధి పదవిని అంతకుముందే, అదే 1897లో ఎత్తేశారు. ఆర్థిక మంత్రి ఉన్నాడు, ఖజానా లేదు. యుద్ధ మంత్రి ఉన్నాడు, యుద్ధం చేసే సైన్యం లేదు.

మరి మాండరిన్‌ని ఎందుకు ఉంచినట్టు? ఎవరి చేతిలో బెత్తం ఉంటే వాళ్ల మీద జనానికి కోపం వస్తుంది. ఆ బెత్తం స్థానికుడి చేతిలో ఉండటం దొరలకి సుఖం. ఇది మామూలు కారణం. ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. 'రక్షిత రాజ్యం' అన్న కట్టుకథ నిలబడాలంటే ప్రతి పనికీ కొలువు ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. రాజుని దింపాలన్నా, తిరుగుబాటుదారుణ్ని నరకాలన్నా, కొత్త పన్ను వేయాలన్నా కింద మంత్రుల సంతకాలు ఉండాలి. నిర్ణయం దొరది, సంతకం మాండరిన్‌ది. కాబట్టి మాండరిన్‌కి మిగిలిన అధికారం ఆ సంతకం పెట్టకపోవడం, లేదా సంతకం పెట్టే కాగితంలో ఏం రాయాలో చూసుకోవడం. ఒక్కొక్కరూ దాన్ని ఎలా వాడారన్నది చూస్తే తప్ప ఈ ఉద్యోగం మనకి అర్థం కాదు.

నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ న్గుయెన్ హూ బాయ్. 1863లో క్వాంగ్ చి ప్రావిన్సులో కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. గుడారం, వెదురు మంచం మోసుకుని పరీక్షకి వెళ్లినవాడు కాదు. చిన్నప్పుడే సెమినరీలో చేరి, అక్కణ్నుంచి పెనాంగ్‌లో ఫ్రెంచి మిషనరీల విద్యాలయానికి వెళ్లాడు. లాటిన్ నేర్చాడు, ఫ్రెంచి నేర్చాడు. ఫాదరీ కాలేదు గానీ తిరిగొచ్చేసరికి దేశంలో ఫ్రెంచివాళ్లు పాతుకుపోతున్నారు, దర్బారులో వాళ్ల భాష తెలిసినవాడు కరువు. దుబాసీగా మొదలుపెట్టాడు.

ఆ మాట ఎంత చేదో మీకు అర్థం కావాలి. కన్‌ఫ్యూషియస్ గ్రంథాలు కంఠస్థం చేసి, నలభై ఏళ్లకి డిగ్రీ తెచ్చుకున్న పండితుడికి దుబాసీ అంటే సంతలో బేరం కుదిర్చేవాడితో సమానం. అలాంటి దుబాసీలు పండితుల్ని దాటుకుని పైకి పోతుంటే ఆ కోపం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా మతం వేరు. పూర్వీకుల పీఠం ముందు ధూపం వెలిగించే కొలువులో కాథలిక్. ఇన్ని ఉన్నా బాయ్ దుయ్ తాన్ చక్రవర్తి కాలానికి నిర్మాణాల శాఖ మంత్రి. ఆ తర్వాత ఉద్యోగుల నియామకాలు చూసే 'లాయ్' శాఖ మంత్రి. ఆరు శాఖల్లోనూ పెద్దది అదే, ఎందుకంటే ఎవరిని ఏ రాయి దగ్గర నిలబెట్టాలో తేల్చేది అదే. కొన్నాళ్లకి మొత్తం కొలువుకే పెద్ద.

ఆయనకి దగ్గరివాడు న్గో దిన్ ఖా. ఇతనూ కాథలిక్కే, ఇతనూ పెనాంగ్‌లో చదివినవాడే. 1896లో హుయేలో ఫ్రెంచి నేర్పే పెద్ద బడి 'క్వొక్ హోక్' పెట్టినప్పుడు దాని అధిపతి. ఆ బడిలో తర్వాతి రోజుల్లో ఎవరెవరు చదివారో చూస్తే నవ్వొస్తుంది: హోచిమిన్, జనరల్ జాప్, ఫామ్ వాన్ డోంగ్, అంటే తర్వాత ఫ్రెంచివాళ్లని వెళ్లగొట్టిన కమ్యూనిస్టు నాయకులే. ఖాని పుణ్యపురుషుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. 1895లో ఫాన్ దిన్ ఫుంగ్ తిరుగుబాటుని అణచడానికి వెళ్లిన దండులో ఆయన కూడా ఉన్నాడు.

ఫాన్ దిన్ ఫుంగ్ పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఆయన కూడా మాండరినే, రాజప్రాసాద పరీక్షలో మొదటివాడిగా నెగ్గినవాడు. 1885లో బాలరాజు హామ్ న్గి కొండల్లోకి పారిపోయి పోరాటానికి పిలుపిచ్చినప్పుడు ఆయన వెంట నడిచి, పదేళ్లు అడవుల్లో పోరాడాడు. ఆయనది హా తిన్ ప్రావిన్సులో దోంగ్ థాయ్ గ్రామం. అదే గ్రామంలో పుట్టిన ఇంకో మాండరిన్ హ్వాంగ్ కావ్ ఖాయ్ ఫ్రెంచివాళ్ల తరఫున టాంకిన్ రాజప్రతినిధి దాకా ఎదిగాడు. ఆ ఖాయ్ ఈ ఫుంగ్‌కి ఉత్తరం రాశాడు: మనం ఒక ఊరివాళ్లం, నువ్వు పోరాడినంత కాలం నలిగేది మన జనమే, ఇక లొంగిపో అని. ఫుంగ్ ఒప్పుకోలేదు. పూర్వీకుల సమాధులు తవ్వేస్తామని బెదిరించినప్పుడు, ఇప్పుడు తాను కాపాడుకోవాల్సింది ఒకటే పెద్ద సమాధి, అది ఈ దేశం అన్నాడని చెప్పుకుంటారు. ఒకే ఊరు, ఒకే చదువు, ఒకే పరీక్ష వ్యవస్థ. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మాండరిన్లు ఇలాంటివాళ్లు అని ఒక్క మాటలో ఎలా తేల్చగలం?

1907కి వద్దాం. థాన్ థాయ్ చక్రవర్తి దొరలకి కొరకరాని కొయ్య అయ్యాడు. పిచ్చివాడని ప్రచారం చేసి దింపాలనుకున్నారు. దానికి పద్ధతి ఏమిటంటే, రాజు ఆరోగ్యం బాగాలేదు, సింహాసనం వదలాలి అని మంత్రులే కోరినట్టు కాగితం పుట్టాలి. మంత్రులు సంతకాలు చేశారు. ఖా చేయలేదు. ఉద్యోగం పోయింది. ఇంటికెళ్లి పొలం చేసుకున్నాడు. రాజు ఎలాగూ పోయాడు, ముందు వుంగ్ తౌకి, తర్వాత రీయూనియన్ దీవికి. ఖా సంతకం లేకపోవడం వల్ల ఫ్రెంచివాళ్లకి ఒక్క రోజు కూడా ఆలస్యమైనట్టు లేదు.

ఆ తర్వాత బాయ్ వంతు. 1912-13 ప్రాంతంలో మాహే అనే రెసిడెంట్ సుపీరియర్‌కి తూ దుక్ చక్రవర్తి సమాధిలో బంగారం ఉందని ఆశ పుట్టింది. తవ్వడానికి కొలువు ఒప్పుకోవాలి. పూర్వీకుల సమాధి అంటే వియత్నామీయులకి ఏమిటో చెప్పక్కర్లేదు, అందులోనూ అది రాజుది. ఆ కాగితం మీద సంతకం చేయనన్నవాడు బాయ్, పీఠం ముందు ధూపం వెలిగించని కాథలిక్. తవ్వకం మొదలైంది, పేచీ పెద్దదైంది, చివరికి గవర్నర్ జనరల్ ఆల్బెర్ సారో ఆపించాడు.

జనం ఈ రెండు సంఘటనల్నీ కలిపి ఒక సామెత కట్టేశారు: రాజుని వెళ్లగొట్టడానికి ఖా లేడు, సమాధి తవ్వడానికి బాయ్ లేడు. వియత్నామీస్‌లో ఇది రెండు చిన్న ముక్కలు, ప్రాసతో బాణంలా తగులుతుంది. పైగా 'ఖా' అంటే 'తగును' అని కూడా అర్థం, కాబట్టి రాజుని వెళ్లగొట్టడం తగదు అని కూడా వినిపిస్తుంది.

సంతకం పెట్టకపోవడం ఒక పద్ధతి. సంతకం పెడుతూనే కాగితాన్ని తిప్పడం ఇంకో పద్ధతి. 1916 మేలో దుయ్ తాన్ చక్రవర్తి, అప్పటికి పదహారేళ్లు నిండని కుర్రాడు, రాత్రివేళ ప్రాసాదం నుంచి జారుకుని తిరుగుబాటుదారులతో కలిశాడు. రెండు మూడు రోజుల్లోనే పట్టుకున్నారు. విచారించి తీర్పు రాసే పని హో దాక్ చుంగ్ అనే మంత్రి మీద పడింది. అంతకుముందు ఆయన కూతురిని ఈ రాజుకే ఇవ్వాలనుకున్నారు, అది వేరే కథ. జైల్లో ఉన్న తిరుగుబాటు నాయకుడు చాన్ కావ్ వాన్, నేరమంతా మా మీద వేసుకోండి, రాజుని కాపాడండి అని ఆయనకి రహస్యంగా కబురు పంపాడని చెప్తారు. తీర్పు అలాగే వచ్చింది: రాజు చిన్నవాడు, వీళ్ల మాటలు విని మోసపోయాడు. చాన్ కావ్ వాన్, థాయ్ ఫియెన్, ఇంకో ఇద్దరి తలలు తీశారు. రాజు తన తండ్రి థాన్ థాయ్‌తో పాటు రీయూనియన్ ఓడ ఎక్కాడు, ప్రాణంతో. ఈ తీర్పుని ఏమనాలి? నలుగురి మరణశిక్ష మీదా అదే చేతి సంతకం ఉంది, రాజు బతకడం వెనకా అదే చెయ్యి ఉంది.

అదే కలంతో ఘోరాలూ జరిగాయి. 1908లో మధ్య వియత్నాంలో పన్నులకి వ్యతిరేకంగా జనం రోడ్డెక్కారు. చాన్ క్వీ కాప్ అనే సంస్కర్త, 1904లో పెద్ద డిగ్రీ తెచ్చుకున్న పండితుడు, అప్పటికి ఖాన్ హోవా ప్రావిన్సులో బడి చూసుకుంటున్నాడు. అల్లర్లలో ఆయన పాత్రకి రుజువు లేదు. అక్కడి మాండరిన్ 'ఉండి ఉండవచ్చు' అన్న చందాన తీర్పు రాశాడు. నడుము దగ్గర నరికి చంపారు. ఫ్రెంచివాడి బలవంతం అని ఈ ఒక్కదానికీ సర్దిచెప్పడానికి నాకు మనసొప్పదు. పోటీ పండితుణ్ని వదిలించుకోవాలన్న తొందర, దొర దగ్గర మార్కులు కొట్టేయాలన్న ఆత్రం, రెండూ అందులో ఉన్నాయి.

మంచి మనుషులు ఈ ఉద్యోగం వద్దనుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1901 పరీక్షలో రెండో తరగతి డాక్టరేట్, 'ఫో బాంగ్' వచ్చినవాళ్లలో ఇద్దర్ని చూడండి. ఒకరు ఫాన్ చౌ చిన్. సంస్కారాల శాఖలో కొన్నాళ్లు చేసి విసుగెత్తి మానేసి, 1906లో గవర్నర్ జనరల్‌కే బహిరంగ లేఖ రాశాడు: మీరు పెంచి పోషిస్తున్న ఈ మాండరిన్లు జనాన్ని పీల్చి తింటున్నారు అని. రెండో ఆయన న్గుయెన్ సిన్ సాక్. డిగ్రీ వచ్చాక కూడా ఏవో సాకులు చెప్పి ఏళ్ల తరబడి ఉద్యోగం తప్పించుకున్నాడు. ఇక కుదరక 1906లో గుమాస్తాగా చేరాడు, 1909లో బిన్ ఖే తాలూకా మేజిస్ట్రేటు అయ్యాడు. మాండరిన్ కొలువంటే బానిసల్లో బానిసతనం అన్నది ఆయన మాటగా చెప్పుకుంటారు. ఆయన ఉద్యోగం ముగిసిన తీరు మరీ చేదు. ఆయన ఆజ్ఞ మీద బెత్తం దెబ్బలు తిన్న ఒక మనిషి తర్వాత చనిపోయాడు. 1910లో బర్తరఫ్ చేశారు. అక్కణ్నుంచి దక్షిణాదికి పోయి, వైద్యం చేసుకుంటూ తిరిగి, 1929లో కావ్ లాన్‌లో పోయాడు. ఆయన చిన్నకొడుకు ఎవరో కొందరికి ఇప్పటికే తెలిసుంటుంది.

పరీక్షలు కూడా అయిపోయాయి. టాంకిన్‌లో చివరి ప్రాంతీయ పరీక్ష 1915లో, అన్నామ్‌లో 1918లో, రాజధానిలో చివరిది 1919లో. ఇక మాండరిన్ కావాలంటే హనోయ్‌లో ఫ్రెంచివాళ్లు పెట్టిన న్యాయ, పరిపాలన బడిలో చదవాలి. ఖా కొడుకుల్లో ఒకడైన న్గో దిన్ దియెమ్ 1921లో అక్కణ్నుంచి బయటపడి తాలూకాలు చూడటం మొదలుపెట్టాడు. బాయ్ ఆ కుర్రాడికి పెద్దదిక్కు. దియెమ్ అన్న ఖోయ్ బాయ్‌గారి అల్లుడు. చూశారా, పరీక్ష పోయాక నిచ్చెన ఎలా మారిందో. ఎవరి అబ్బాయి, ఎవరి అల్లుడు అన్నది ముందు కూడా పనికొచ్చేది, ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ పనికొచ్చింది.

1925 నవంబరు 6న ఖాయ్ దిన్ చక్రవర్తి చనిపోయాడు. ఆ రోజు తేదీతోనే ఒక ఒప్పందం వచ్చింది. వారసుడు బావో దాయ్ పన్నెండేళ్లవాడు, ఫ్రాన్సులో చదువుకుంటున్నాడు. ఈలోగా పరిపాలన అంతా రెసిడెంట్ సుపీరియర్ చూసుకుంటాడు. రాజుకి మిగిలేవి క్రతువులు, క్షమాభిక్షలు, బిరుదులు. బాయ్ కొలువులో అగ్రస్థానంలో ఉన్న కాలంలోనే ఇది జరిగింది. సమాధి తవ్వకానికి అడ్డుపడినవాడికి ఈసారి అడ్డుపడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

బావో దాయ్ 1932లో తిరిగొచ్చాడు, పందొమ్మిది నిండబోతున్నవాడు, ఫ్రెంచి చదువు, సంస్కరణల ఉత్సాహం. 1933 మే 2న ఒక్క దెబ్బతో ఐదుగురు ముసలి మంత్రుల్ని ఇంటికి పంపాడు. వాళ్లలో మొదటివాడు బాయ్. ఆ వెంటనే హుయేలో ఎనిమిది పాదాల పద్యం ఒకటి నోటినోటా తిరిగింది. మన చాటుపద్యాలంటే ఇష్టమున్నవాళ్లకి దీని రుచి తెలుస్తుంది. ఐదుగురు ముసలాళ్లు ఉన్నట్టుండి దబ్బున కిందపడ్డారు అని ఎత్తుకుని, ఒక్కొక్కరి పేరూ, శాఖ పేరూ శ్లేషతో లాక్కొస్తాడు. మాండరిన్లు గుండెల మీద ఏనుగు దంతపు చిన్న బిళ్ల కట్టుకునేవారు, మీద హోదా చెక్కి, కింద కుచ్చు వేలాడుతూ. మన దగ్గర బిళ్ల పెట్టుకునేది బంట్రోతు, అక్కడ మంత్రి. ఆ బిళ్లనీ 'బాయ్' అనే అంటారు. అందుకని పద్యంలో మంత్రి పేరు పెట్టి, ఇక ఈ 'బాయ్' కట్టుకోం, తిరిగి సమర్పించుకుంటాం అంటాడు. న్యాయ మంత్రి పేరు దాన్, అంటే తంత్రీవాద్యం: వాయిస్తే వినే దిక్కు లేదు. సంస్కారాల మంత్రి పేరు లియెమ్, అంటే నిజాయితీ: ఆ పేరైనా మిగుల్చుకో. ఐదుగురు మంత్రులు, ఐదు శాఖలు ఎనిమిది పాదాల్లో ఇమిడిపోయాయి. బాయ్ క్వాంగ్ చిలో తాను సాగులోకి తెచ్చిన ఫువోక్ మోన్ భూములకి వెళ్లిపోయాడు. ఆయన ప్రభువు బిరుదు కూడా ఆ ఊరి పేరు మీదే. 1935లో పోయాడు.

ద్రోహులా అన్నారు. పై కథలన్నీ చదివాక కూడా ఒక్క మాటలో జవాబు కావాలంటే నేను ఇవ్వను. బాయ్ జీవితమంతా ఫ్రెంచి జీతం మీదే బతికాడు, ఫ్రెంచి భాష వల్లే ఎదిగాడు, ఒక్కసారి గట్టిగా కాదన్నాడు. ఆ ఒక్క 'కాదు' జనం సామెతలో పెట్టుకున్నారు, మిగతా నలభై ఏళ్ల 'సరే'లు మర్చిపోయారు. జనం తెలివితక్కువతనంతో అలా చేశారని నేననుకోను. ఆ ఉద్యోగంలో ఒక్కసారి కాదనడం ఎంత అరుదో వాళ్లకి తెలుసు.

దీనికన్నా నన్ను ఎక్కువ వెంటాడేది ఆ 1933 మే నాటి కొత్త జాబితా. ముసలాళ్ల స్థానంలో వచ్చిన ఐదుగురిలో ముగ్గురి సంగతి చూడండి. లాయ్ శాఖకి దియెమ్, ముప్పై రెండేళ్లవాడు. ప్రజాప్రతినిధుల సభకి నిజమైన అధికారం ఇవ్వరని తేలగానే మూడు నెలలు కూడా తిరక్కుండా రాజీనామా చేసి, బిరుదులు వెనక్కిచ్చేశాడు. 1955లో దక్షిణ వియత్నాం అధ్యక్షుడయ్యాడు, 1963లో సొంత సైన్యాధికారుల చేతిలో చచ్చాడు. విద్యాశాఖకి ఫామ్ క్విన్, దుబాసీల బడిలో చదివి, పత్రిక నడిపి పేరు తెచ్చుకున్నవాడు. చివరిదాకా కొలువులోనే ఉన్నాడు. 1945 సెప్టెంబరులో, కమ్యూనిస్టుల నాయకత్వంలో స్వాతంత్ర్యం కోసం పోరాడిన వియెత్ మిన్ వాళ్లు ఆయన్నీ, బాయ్‌గారి అల్లుడు ఖోయ్‌నీ కలిపి చంపేశారు. న్యాయశాఖకి బుయ్ బాంగ్ దోవాన్, చైనా లిపి పరీక్ష, కొత్త అధికారుల బడి రెండూ నెగ్గిన మాండరిన్, 1925లో స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఫాన్ బోయ్ చౌ విచారణలో దుబాసీ. ఆ 1945లోనే, నవంబరులో, హనోయ్ నుంచి ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది: కొత్త ప్రభుత్వానికి సలహాదారుగా ఉండమని. ఏడాదికి జాతీయ అసెంబ్లీ స్థాయీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఉత్తరం రాసింది హోచిమిన్, బిన్ ఖే తాలూకా నుంచి బర్తరఫ్ అయిన మేజిస్ట్రేటుగారి చిన్నబ్బాయి.